పేజ్‌మేకర్, ఫ్రీహ్యాండ్ ఎందుకు ఆగిపోయాయి?

అమలాపురంలో డీటీపీ సెంటర్ నడుపుతున్న మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న: పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌గా బాగా నడుస్తున్న పేజ్‌మేకర్‌ని కొనుక్కున్న కంపెనీయే ఎందుకు ఆపేసింది?

ఒకే పని చేసే రెండు సాఫ్ట్‌వేర్లను పోషించడం ఏ కంపెనీకైనా దండగ ఖర్చే. 1994లో దాని తయారీ కంపెనీ ఆల్డస్‌ని కలుపుకోవడంతో పేజ్‌మేకర్ అడోబీ చేతికొచ్చింది. 1999లో అదే పనికి అడోబీ సొంతంగా ఇన్‌డిజైన్ తెచ్చింది. 2001 నాటి 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కి కొత్త వెర్షనే లేదు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఫ్రీహ్యాండ్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. దాన్నీ ఆల్డసే అమ్మేది. అడోబీ సొంత ఇల్లస్ట్రేటర్‌కి అది పోటీ కాబట్టి, 1994లో అమెరికా నియంత్రణ సంస్థే దాన్ని అడోబీకి దక్కనివ్వలేదు. తర్వాత అది మాక్రోమీడియా కంపెనీ చేతికి వెళ్లింది. 2005లో ఆ కంపెనీని అడోబీ కొనడంతో చివరికి అక్కడికే చేరింది. 2007లో ఆపేశారు.

మన దగ్గర దెబ్బ ఇంకో రకం. మాఘమాసం ముహూర్తాలకు కొట్టిన పాత శుభలేఖలు చాలావరకు అను అనే తెలుగు ఫాంట్లలోనే ఉంటాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు సరిగ్గా చదవగలిగే ప్రమాణం) కావు. ఫైల్ తెరుచుకున్నా, ఆ ఫాంట్ లేకపోతే ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకే ఆ ఫాంట్లున్న, మూలనున్న పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌ని దయచేసి పారేయకండి. అందులోంచే ప్రతి ఫైల్‌కీ పీడీఎఫ్ తీసి, మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చి దాచుకోండి.