మెట్రో మధ్యలో దిగిపోకు

చిరంజీవి కిరణ్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న మీ అమ్మ హిందూపురం నుంచి ఫోన్ చేసింది. బెంగళూరు మెట్రోలో మెజెస్టిక్ స్టేషన్ దగ్గర నీకు గుండె దడ వచ్చి, చెమటలు పట్టి రైలు దిగిపోయావని, అప్పటినుంచి ఆఫీసుకి ఆటోలో వెళ్తున్నావని చెప్పింది. విజయనగర్ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఆటోలో! నీ జీతం ఆటోవాళ్ల పాలవుతోంది, సరే, అది వేరే సంగతి.

ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించావట, రెండూ బాగానే ఉన్నాయట. మంచి పని చేశావు. అవి చూడకుండా ఎవరైనా "ఏమీ లేదు, టెన్షన్ అంతే" అంటే నమ్మకూడదు. చూశాక మాత్రం డాక్టరు చెప్తే తప్ప మళ్లీ మళ్లీ చేయించుకోకు. క్యాజువాల్టీలో నర్సుగా ఉన్నన్నాళ్లూ నీ ఈడు పిల్లల్ని ఎంతమందిని చూశానో! అర్ధరాత్రి గుండె పట్టుకుని వచ్చేవాళ్లు. ఈసీజీ నార్మల్ అంటే ఆ పూటకి కుదుటపడి, వారం తిరక్కుండా మళ్లీ వచ్చేవాళ్లు. వేళ్లు చాపి "తిమ్మిరెక్కుతున్నాయి సిస్టర్, పక్షవాతమా?" అని అడిగేవాళ్లు. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కేది, తల తేలిపోయేది దానివల్లే. ఆ తిమ్మిరి చూసి ఇంకా హడలిపోయి, ఇంకా గబగబా పీలుస్తారు. దడ పుట్టించేది అడ్రినలిన్ అనే హార్మోను. ప్రమాదం వస్తే పరిగెత్తడానికి ఒంటిని సిద్ధం చేస్తుంది, ఒక్కోసారి ఏ ప్రమాదమూ లేకుండానే ఊరుతుంది. ఆ దడ మామూలుగా పది నిమిషాల్లోపే ఎక్కాల్సినంత ఎక్కి, తర్వాత దానంతటదే దిగుతుంది.

నువ్వు చిక్కుకున్నది ఇక్కడే. దడ ఎక్కుతుండగా దిగిపోయావు, ప్లాట్‌ఫాం మీదకి రాగానే ప్రాణం లేచొచ్చింది. దిగబట్టే బతికానని నీ మనసు లెక్క రాసేసుకుంది. రైల్లో కూర్చునే ఉన్నా అది తగ్గేదే నాన్నా. ఇవాళ మెట్రో మానేశావు, ఇలాగే వదిలేస్తే రేపు లిఫ్టు, ఎల్లుండి సినిమా హాలు.

కాబట్టి ఆదివారం పొద్దున్నే, రద్దీ లేనప్పుడు, విజయనగర్‌లో ఎక్కి హొసహళ్లిలో దిగు. ఒక్క స్టేషనే. నవ్వొస్తే నవ్వుకో. దడ వస్తే రానీ, ఎంత ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో చూస్తూ కూర్చో. విసుగు పుట్టేదాకా అటూ ఇటూ అంతే దూరం తిరుగు. తర్వాత మాగడి రోడ్. అది దాటాక రైలు భూమి లోపలికి వెళ్తుంది, నీకు అసలు పరీక్ష అక్కడే. మెజెస్టిక్, విధాన సౌధ దాటి కబ్బన్ పార్క్ దాకా వెళ్లగలిగిన రోజు, బయటికొచ్చి పార్కులో కాసేపు తిరుగు. ఎంజీ రోడ్ నుంచి మళ్లీ పైకొచ్చేస్తుంది కాబట్టి మిగతా దారి నీకు పెద్ద లెక్క కాదు. ఏ రోజైనా తట్టుకోలేక దిగిపోయావే అనుకో, తర్వాతి రైలెక్కు. ఇంటికి మాత్రం తిరిగి రాకు.

ఊపిరి తీసుకునేదానికంటే వదిలేది నిదానంగా ఉండాలి. నాలుగు లెక్కపెట్టేంతసేపు తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు వదులు. ముక్కుకి కాగితం కవరు పెట్టుకోమని ఎవరైనా చెప్తే వినకు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకి అది ప్రమాదం కూడా. ఫిల్టర్ కాఫీ రోజుకి ఒకటి చాలు. ఖాళీ కడుపున బలమైన కాఫీ తాగితే వచ్చే దడకి, భయంతో వచ్చే దడకి తేడా నీకు తెలియదు.

మీ అమ్మ తాయెత్తు పంపుతానంటోంది. కట్టుకో, ఆమె నిద్రపోతుంది.

నెలరోజులు ఇలా చేసినా మార్పు లేకపోతే, లేదా నిద్ర, తిండి పాడైతే, ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలువు. హొసూర్ రోడ్‌లో నిమ్హాన్స్ ఉంది, మానసిక వైద్యానికి పెద్దాసుపత్రి. దేశం నలుమూలల నుంచీ జనం అక్కడికి వస్తుంటే ఈ ఊళ్లోనే ఉన్న నువ్వు వెళ్లడానికి సిగ్గెందుకు? రాత్రిపూట భయమేసి ఏం చేయాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే ఫోన్ లైను, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మందులు రాస్తే భయపడకు. ఎక్కువగా రాసేవి పని చూపడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలోనే "ఏం లాభం లేదు" అని ఆపేయకు. రూమ్మేట్ దగ్గరున్న అల్ప్రాజోలం, అదే ఆ ఆందోళన తగ్గించే మత్తు బిళ్లలు, మాత్రం ముట్టుకోవద్దు. ఆ పూటకి హాయిగానే ఉంటుంది, కానీ అలవాటైపోతుంది, అలవాటయ్యాక డాక్టరు చెప్పకుండా ఉన్నట్టుండి మానేస్తే మరీ ప్రమాదం.

మొదటి ఆదివారం నేనూ వస్తాను, ఎనిమిదింటికి విజయనగర్ టికెట్ కౌంటర్ దగ్గర ఉండు. హొసహళ్లి దాకా ఒకసారి నీతో కూర్చుంటా, రెండోసారి నువ్వు ఒక్కడివే. రోజూ నేను పక్కనుంటే, పెద్దమ్మ ఉండబట్టి ఏమీ కాలేదని మళ్లీ అదే లెక్క రాసుకుంటావు.

ఇట్లు,
పెద్దమ్మ
జయనగర్, బెంగళూరు