బైపాస్ తర్వాత ఛాతీ ఎముక అతకడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు, షుగరు ఉంది. గుండెకు వెళ్లే మూడు రక్తనాళాలూ పూడుకుపోయాయని, బైపాస్ చేయాలని డాక్టరుగారు చెప్పారు. కాలు కూడా కోస్తారని విని నాన్నగారు బెంగపెట్టుకున్నారు. ఎన్నాళ్లకు కోలుకుంటారు? మళ్లీ స్కూటరు నడపగలరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: షుగరుతో పాటు మూడు నాళాల్లోనూ పూడికలు ఉన్నవారికి స్టెంట్ల కంటే బైపాస్ ఎక్కువకాలం మేలు చేస్తుంది కనుక, మీ డాక్టరుగారి సలహా సబబైనదే. ఈ ఆపరేషన్‌లో పూడికను తొలగించరు. దానిని దాటి రక్తం వెళ్లేందుకు కొత్త దారి వేస్తారు. అందుకు ఛాతీ లోపలి ధమనితో పాటు, కాలి నుంచి తీసిన సిరను వాడతారు. ఆ సిర పనిని కాలిలోని మిగతా సిరలు చేస్తాయి కాబట్టి నడకకు లోటు ఉండదు. కొన్ని వారాలు పాదం వాస్తుంది. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకుంటే తగ్గుతుంది.

ఆపరేషన్‌కు సాధారణంగా మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది. మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంటుందని, అది తీసేవరకు మాట్లాడలేరని నాన్నగారికి ముందే చెప్పండి. తెలియక కంగారుపడేవారే ఎక్కువ. అంతా సవ్యంగా ఉంటే మరునాడే కుర్చీలో కూర్చోబెడతారు, వారం రోజులకు అటూఇటుగా ఇంటికి పంపుతారు.

అసలు జాగ్రత్త ఇంటికి వచ్చాకే మొదలవుతుంది. నిలువునా కోసిన ఛాతీ ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా గట్టిపడడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అంతవరకు రెండు మూడు కిలోలకు మించిన బరువు ఎత్తకూడదు; నీళ్ల బిందె సంగతి అటుంచి, మనవడిని కూడా ఎత్తుకోకూడదు. మంచం మీద నుంచి లేపేటప్పుడు ప్రేమకొద్దీ చెయ్యి పట్టి లాగుతారు, అది తప్పు. వీపు కింద చెయ్యి వేసి లేపాలి. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకుని దగ్గమనండి. స్కూటరు మూడు నెలల తర్వాత, అదీ డాక్టరు చూసి సరేనన్నాకే.

పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టకండి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి కనుక, కిడ్నీల సమస్య లేనట్లయితే పప్పు, గుడ్డు, చేప నిస్సందేహంగా పెట్టవచ్చు. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి చిన్న మాటకే ఏడవడం మొదటి వారాల్లో మామూలే. జ్వరం, గాయం నుంచి చీము, ఎముక దగ్గర టక్కుమన్న చప్పుడు, ఆయాసం, గుండె దడ మాత్రం మామూలు కావు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: బైపాస్ చేయించుకుని ఏడాది అయింది, ఏ ఇబ్బందీ లేదు. మాత్రలు ఆపవచ్చా? ఛాతీ ఎడమవైపు ఇంకా మొద్దుబారినట్లు ఉంటోంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆపకూడదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర సాధారణంగా జీవితాంతం వాడాలి. కాలి సిరతో వేసిన దారులు కాలక్రమంలో తిరిగి పూడుకుపోయే అవకాశం ఉంది. మొద్దుబారడం ఛాతీ ధమనిని తీసినప్పుడు నరాలు దెబ్బతినడం వల్ల వస్తుంది; కొందరిలో అది కొంత మిగిలిపోతుంది, గుండెకు ప్రమాదమేమీ లేదు.