గట్టు మీద చోటు చాలనప్పుడు

వంటింటి గట్టు మీద గిన్నెలు పెట్టాక కూరగాయలు తరగడానికి జానెడు చోటు కూడా మిగలడం లేదా? కొత్త అరలు కొనకండి, ముందు సింకును వాడుకోండి. దాని రెండు అంచుల మీదా ఆనేంత పొడవైన చెక్కపలక వేసి, జారకుండా పలక కింద అంచుల మీద తడిగుడ్డ పరిస్తే తరిగే చోటు దొరికినట్టే. నేను రోజూ అక్కడే తరుగుతాను.

అసలు చోటంతా తినేసేవి మూతలు! పళ్ళేల స్టాండులో వాటిని నిలువుగా నిలబెట్టండి. గరిటెలకు అల్మారా తలుపు లోపలివైపు కొక్కేలు చాలు. అయితే తలుపు మూసినప్పుడు అవి అరకు తగులుతాయేమో ముందే కొలుచుకోండి. నేను కొలవకుండా బిగించి, మర్నాడే ఊడదీశాను. పొయ్యి పైన మాత్రం ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, సెగకు వంకర్లు పోతాయి.