ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు

ప్రశ్న: మా అబ్బాయి ఆటోమేటిక్ కారు కొనిచ్చాడు. ఊళ్లో బాగానే నడుపుతున్నాను. మొన్న తిరుమల నుంచి దిగుతుంటే మా మరిది ‘ఎన్‌లో (న్యూట్రల్) వెయ్యి వదినా, పెట్రోలు మిగులుతుంది’ అన్నాడు. అలాగే చేశాను. సగం దారిలో కాలిన వాసన! ముందుకు నడిపే డి (డ్రైవ్) కింద ఉన్న ఎల్ (లో) ఎందుకో తెలియదు. మా ఇల్లు వాలు సందులో ఉంది. పొద్దున్నే పి (పార్కింగ్) నుంచి తీస్తే ధన్‌మని శబ్దం వస్తోంది, అదొక టెన్షన్.
– ఒక టీచర్, చిత్తూరు

జవాబు: అమ్మా, ఆ వాసన బ్రేక్ ప్యాడ్లది. కొండ దిగి నేరుగా రేణిగుంట రోడ్డులోని మా షెడ్డుకు వచ్చే కార్లలో ప్యాడ్లు మాడి, డిస్కులు నీలం తిరిగి ఉండటం చూస్తుంటాను. ఎన్‌లో వేస్తే ఇంజిన్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి మరీ వేడెక్కితే పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. మనం దిగే దారి 1944లో తెరిచిన పాత ఘాట్, మలుపు మీద మలుపు. అక్కడ ఈ పని ఎవరు చెప్పినా చేయొద్దు.

పెట్రోలు కూడా మిగలదు. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఇప్పటి ఇంజిన్లు ఆ సమయంలో పెట్రోలు ఆపేస్తాయి. ఎన్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికే పెట్రోలు కాలుతూ ఉంటుంది.

ఎల్ ఉన్నది ఇలాంటి దారి కోసమే. అది పై గేర్లకు పోనివ్వదు, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ముందు బ్రేకుతో వేగం 30 లోపుకు తగ్గించి ఎల్‌లోకి మార్చండి. ఇంజిన్ మోత పెరుగుతుంది, భయపడకండి. మలుపుకు ముందే బ్రేకు తొక్కి వదలండి, తొక్కిపెట్టి ఉంచొద్దు. మళ్లీ వాసన వస్తే బండి ఆపడానికి వీలున్న చోట ఆపి చల్లారనివ్వండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయొద్దు. ఈ వారంలోనే ప్యాడ్లూ, బ్రేక్ ఆయిలూ చూపించండి.

ఇక పి. గేర్‌బాక్సులో వేలంత ఇనుప కొక్కెం ఒకటి పళ్లచక్రంలో పడి చక్రాలు తిరగకుండా ఆపుతుంది. వాలులో హ్యాండ్ బ్రేక్ వేయకుండా పి వేస్తే బండి మొత్తం ఆ కొక్కెం మీదే వేలాడుతుంది. దాన్ని లాగితే వచ్చేదే ఆ శబ్దం. బ్రేకు తొక్కి ఎన్‌లో వేయండి, హ్యాండ్ బ్రేక్ లాగండి, బ్రేకు మెల్లగా వదిలి బండిని దాని మీద నిలవనివ్వండి. అప్పుడు మళ్లీ బ్రేకు తొక్కి పి వేయండి. పొద్దున బ్రేకు తొక్కి ముందు పి నుంచి తీయండి, హ్యాండ్ బ్రేక్ తర్వాత. బండి పూర్తిగా ఆగకుండా పి, ఆర్ (రివర్స్) ముట్టుకోవద్దు. సిగ్నల్ దగ్గర డిలో ఉంచి బ్రేకు తొక్కితే చాలు.

ప్రశ్న: మా ఏఎంటీ కారులో పి లేదు. ఎలా నిలపాలి?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌నూ గేర్లనూ మన బదులు మోటార్లు కదుపుతాయి. చాలావాటిలో పి ఉండదు. లివర్ డిలోనో ఆర్‌లోనో ఉంచి, బ్రేకు తొక్కి ఇంజిన్ ఆపండి, హ్యాండ్ బ్రేక్ లాగండి. ఎత్తు మీద ఆగినప్పుడు మాత్రం యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు. క్లచ్ ప్లేటు కాలిపోతుంది, ఆ ఖర్చు పెద్దది.