పాత కంప్యూటర్‌కి ప్రాసెసర్ మార్చాలా, వాయిదాల్లో కొత్తది కొనాలా?

ప్రశ్న: జనగామ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుతున్నాను. 2014లో కొన్న డెస్క్‌టాప్ ఒక్కటే ఉంది. ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ అవడానికే ఐదారు నిమిషాలు పడుతోంది. రిపేరు చేసే అబ్బాయి సెకండ్ హ్యాండ్ ఐ7-4770 వేస్తే చాలు, 5,500 అవుతుందంటున్నాడు. ఇంకో షాపులో కొత్తది 38,000కి ఇస్తామంటున్నారు, 14 శాతం వడ్డీతో 18 నెలల వాయిదాలు. చేతిలో 9,000 ఉన్నాయి. 50,000 చీటీ సెప్టెంబర్‌లో అయిపోతుంది, ఇంకా పాడలేదు. ఏం చేయమంటారు?

జవాబు: రెండింటికీ ఇప్పుడే ఊ అనకండి. కంప్యూటర్ ఆన్ అవడానికి ఐదారు నిమిషాలు పడుతోందంటే తప్పు చాలావరకు హార్డ్ డిస్క్‌ది. దానికి ప్రాసెసర్ మారిస్తే 5,500 ఖర్చవుతుంది, ఐదు నిమిషాలు మాత్రం అలాగే ఉంటాయి.

అనుమానం తీర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. షాపులో గిరాకీ ఉన్న వేళ, బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిచి, స్కానింగ్ నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట మూడు గీతలు చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి సీపీయూ 20, 30 దగ్గర ఉంటే జబ్బు డిస్క్‌లో ఉంది. మెమరీ 90 దాటుతుంటే ర్యామ్ చాలడం లేదు. ర్యామ్‌లో పట్టని సరుకంతా విండోస్ డిస్క్ మీదికి తోస్తుంది కాబట్టి అప్పుడు డిస్క్ గీత కూడా పైకే పోతుంది. డిస్క్, మెమరీ ఖాళీగా ఉండి సీపీయూ ఒక్కటే 100 దగ్గర ఆగిపోతే, అప్పుడు మాత్రం రిపేరు అబ్బాయి మాట నిజం. మీరు చెప్పిన 4 జీబీ, పాత హార్డ్ డిస్క్ చూస్తే మొదటి రెండూ కలిసే కనిపిస్తాయనుకుంటున్నాను.

ఇక వాయిదాల సంగతి. 14 శాతం అన్నది ఫ్లాట్ వడ్డీయో, తగ్గే అసలు మీద వడ్డీయో అడిగారా? ఫ్లాట్ అయితే 38,000 మీద ఏడాదిన్నరకు 7,980 వడ్డీ, నెలకు 2,554 వాయిదా. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం 38,000 మీదే పడుతుంది. లెక్క కడితే నిజమైన రేటు ఏడాదికి 25 శాతం చిల్లర. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. ఒక్కో దరఖాస్తుకు మీకు 50 మిగులుతుందనుకుంటే ఈ వాయిదాకే నెలకు 51 దరఖాస్తులు పోతాయి. కాబట్టి రెండు వారాలపాటు ఒక నోట్‌బుక్‌లో రాయండి. కంప్యూటర్ నెమ్మది వల్ల వెనక్కి వెళ్లిపోయినవాళ్లు రోజుకు ఎంతమంది? సగటున ఇద్దరికి తక్కువైతే ఈ వాయిదా మీ ఇప్పటి సంపాదనలోంచే కట్టాల్సి వస్తుంది.

పాత మిషన్ మీద పెట్టే డబ్బుకి ఒకే ప్రశ్న వేసుకోండి. ఈ వస్తువు రేపు కొత్త కంప్యూటర్‌కి వెంట వస్తుందా? 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే, చాలా వేగమైన డిస్క్) వస్తుంది. మీ బోర్డులో పట్టే డీడీఆర్3 ర్యామ్ రాదు. మీ బోర్డు 1150 సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే చోటు) పట్టే ప్రాసెసర్ అసలే రాదు. వెంట వచ్చేదానికి నిదానంగా డబ్బు పెట్టొచ్చు. రానిదానికి గట్టిగా బేరమాడాలి, పెట్టకుండా గడిచిపోతే ఇంకా మంచిది.

అందుకే మొదటి ఖర్చు 240 లేదా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, రెండోది ఇంకో 4 జీబీ ర్యామ్. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి. ఆరు నెలల కిందటి రేటు పట్టుకుని బేరానికి వెళ్లొద్దు, అదే రోజు రెండు షాపుల్లో అడగండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడి రేటు కూడా తెలుసుకోండి. రెండూ కలిపి 5,000 దాటితే ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తీసుకోండి. ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా ఫర్వాలేదు, డీడీఆర్3 1600 అని, డెస్క్‌టాప్‌దేనని చూసుకోండి. ఒక మోసం ఉంది. ‘ఏఎండీకి మాత్రమే’ అని సన్న అక్షరాల్లో రాసి ఉండే 8 జీబీ స్టిక్‌లు చవగ్గా దొరుకుతాయి. అవి మీ ఇంటెల్ బోర్డులో పనిచేయవు, స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది.

హెచ్81 బోర్డులో నాలుగు సాటా పోర్టులు (డిస్క్ కేబుల్ పెట్టే చోట్లు) ఉంటే రెండే 6 గిగాబిట్ వేగానివి. ఎస్‌ఎస్‌డీ కేబుల్‌ని వాటిలోనే పెట్టించండి, బోర్డు మీద సాటా 6జీ అని రాసి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందే లేచే బోర్డు సెట్టింగ్స్) సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో విండోస్ ఎక్కించకముందే చూడమనండి, తర్వాత మారిస్తే విండోస్ లేవకుండా మొరాయిస్తుంది. పవర్ కేబుల్ చాలక జాయింటు కేబుల్ వాడాల్సి వస్తే, తీగల మీద ప్లాస్టిక్ పోత పోసిన చవక రకం వద్దు. లోపల తీగలు తగులుకుని కాలిపోయేవి అవే. పాత హార్డ్ డిస్క్‌ని కస్టమర్ల ఫైళ్లకు ఉంచుకోవచ్చు, కానీ అదీ పాతదే కనుక ముఖ్యమైనవి ఇంకో చోట కాపీ ఉండాలి. అదే చేత్తో ఫ్యాన్ దుమ్ము దులిపించి, గడియారం తప్పుతుంటే సీఆర్2032 సెల్ మార్పించండి.

ఇవన్నీ అయ్యాక కూడా సీపీయూ గీత 100 దగ్గరే ఉంటే, అప్పుడు ప్రాసెసర్. అప్పుడైనా ఐ7-4770 అక్కర్లేదు. మీ ఐ3లో కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు) రెండు, ఐ5-4570లో నాలుగు. దరఖాస్తులు, ఫొటోషాప్, పీడీఎఫ్‌లకు ఆ నాలుగు చాలు. ఐ7 ఎక్కువగా ఇచ్చే నాలుగు థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే పనుల వరసలు) వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు పనికొస్తాయి. మీకు చెప్పిన 5,500లో సగానికి మించి ఐ5కి పెట్టొద్దు. చేతిలోకి తీసుకుని పైన రేకు మీది నంబరు మీరే చదవండి. చివర టీ అక్షరం ఉన్న 4570టీలో కోర్లు రెండే, అది మీకు ఏ లాభమూ ఇవ్వదు. జియాన్ ఈ3-1231 వీ3 కూడా ఈ సాకెట్‌లో కూర్చుంటుంది కానీ అందులో గ్రాఫిక్స్ లేదు, విడిగా కార్డు లేకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. 4590, 4790 లాంటి 2014లో వచ్చిన నంబర్లకు చాలా బోర్డుల్లో ముందుగా బయోస్ అప్‌డేట్ కావాలి. పాత ప్రాసెసర్ ఉండగానే, యూపీఎస్ మీదే ఆ పని జరగాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. 5వ తరం ప్రాసెసర్లు హెచ్81లో పనిచేయవు.

బిగించేటప్పుడు చెడేది దాదాపు ఎప్పుడూ బోర్డే. ఈ రకంలో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, వెంట్రుకల్లా సన్నవి. ఒక్కటి వంగినా ర్యామ్ సగమే కనిపించడం, అసలు ఆన్ కాకపోవడం లాంటివి మొదలవుతాయి. కాబట్టి బిగించే ముందు సాకెట్ ఫొటో మీ ఫోన్‌లో తీసుకోండి, ‘ముందే వంగి ఉంది’ అన్న గొడవ రాదు. ఐ3కి 54 వాట్లు, ఐ5కి 84, అంటే వేడి ఎక్కువ. ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ తుడిచి బియ్యపు గింజంత కొత్తది పెట్టాలి, ఫ్యాన్ నాలుగు కాళ్లూ టిక్కుమని దిగాలి. ఒక్క కాలు సరిగ్గా దిగకపోయినా వేడి 100 డిగ్రీలకు చేరి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీరు పెట్టిన డబ్బు అక్కడే ఆవిరైపోతుంది. అరగంట పని చేయించి ఉష్ణోగ్రత చూశాకే డబ్బులివ్వండి. బిల్లు మీద ‘7 రోజుల్లో తేడా వస్తే మార్పిడి’ అని రాయించుకోండి.

ఇన్ని చెప్పినా ప్రాసెసర్ విషయంలో నా మొగ్గు వద్దనే. కారణం విండోస్. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీ బోర్డులో పట్టే 4వ తరం ప్రాసెసర్ ఐ3 అయినా ఐ7 అయినా విండోస్ 11 జాబితాలో లేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే, అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఉచితంగా వస్తాయి. నమోదు ఆప్షన్ విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉంటుంది. మీ దగ్గర జనం ఆధార్ కాపీలు ఇస్తారు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొడతారు. ఆ తేదీ తర్వాత ఆ పనులకు ఈ మిషన్ వాడటం వాళ్లకు అన్యాయం.

చీటీ సరిగ్గా అక్కడే అక్కరకొస్తుంది. ఇప్పుడు తొందరపడి పాడితే పాటలోనే చాలా పోతుంది. ఆఖరి రెండు మూడు నెలల్లో పాట బాగా దిగుతుంది కనుక జులై, ఆగస్టులో చూసుకోండి. ఆ డబ్బుతో 38,000 కొత్తది నగదుకే వస్తుంది. లేదా కంపెనీల నుంచి బయటికొచ్చిన 8వ తరం ఐ5-8500 ఉన్న డెల్ ఆప్టిప్లెక్స్ 3060 లాంటిది, వారంటీ రాసిచ్చే చోట, 18,000 లోపు దొరికితే అదే మేలు. ఆరు కోర్లు, విండోస్ 11 అర్హత ఉన్నాయి, మీ ఎస్‌ఎస్‌డీ కూడా అందులో పడుతుంది. విండోస్ 11 అడిగే భద్రతా ఏర్పాటు టీపీఎం 2.0 ఆన్‌లో ఉందో లేదో కొనేముందే చూపించమనండి.

నోట్‌బుక్‌లో రోజుకు ముగ్గురు నలుగురు వెనక్కిపోతున్నట్టు తేలితే సెప్టెంబర్ దాకా ఆగక్కర్లేదు. అప్పుడు కూడా షాపు ఫైనాన్స్ వద్దు. పొదుపు సంఘంలో ఉంటే ముందు స్త్రీనిధి (మహిళా సంఘాలకు అప్పిచ్చే సంస్థ) గానీ, సంఘం ద్వారా వచ్చే బ్యాంకు లింకేజీ రుణం గానీ అడగండి. లేకపోతే మీ బ్యాంకులో ముద్ర శిశు రుణం, 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. తగ్గే అసలు మీద 16 శాతం పడినా 38,000కి ఏడాదిలో వడ్డీ 3,400 లోపే. నెల వాయిదా మాత్రం 3,450 దాకా ఉంటుంది, అది తట్టుకోగలరేమో చూసుకోండి.

9,000లో 5,000 ఇప్పుడు వాడి మిగతా 4,000 కదపకండి, ప్రింటర్ టోనరో యూపీఎస్ బ్యాటరీయో ఎప్పుడైనా అడగొచ్చు. కొత్తది వచ్చాక పాతదాన్ని జిరాక్స్, ప్రింట్లకే, ఇంటర్నెట్ లేకుండా ఉంచుకోండి. అమ్మాలనుకుంటే హార్డ్ డిస్క్ తీసేసి అమ్మండి. పన్నెండేళ్ల కస్టమర్ల ఆధార్ కాపీలు అందులో ఉన్నాయి, డిలీట్ నొక్కినంత మాత్రాన అవి పోవు.