14 ఎకరాల్లో జింక వేట: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిన్నా,

నువ్వు పంపిన సర్వే మ్యాప్ రెండు రోజులుగా డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని చూస్తున్నాను. భోజనం సోఫాలో పెడుతోంది మీ అత్తయ్య. హంటింగ్‌డన్ కౌంటీలో 14 ఎకరాలు, వెనక కొండ, మధ్యలో సన్నటి వాగు, తూర్పున పక్కవాళ్ల మొక్కజొన్న చేను. పెన్సిల్వేనియాలో ఇంతకంటే మంచి ముక్క ఆ డబ్బుకి దొరకదు. కానీ కొన్న వారానికే మూడు ట్రీ స్టాండ్లు (చెట్టుకి బిగించి కూర్చునే మంచెలు), ఆరు ట్రెయిల్ కెమెరాలు (జంతువు దాటితే వాటంతటవే ఫోటో తీసేవి) ఆర్డర్ పెట్టేశానన్నావు చూడు, అది విని నవ్వొచ్చింది. 2008లో పెర్రీ కౌంటీలో నా 11 ఎకరాలు కొన్నప్పుడు నేనూ అచ్చంగా అదే చేశాను. ప్రతి శనివారం తెల్లారకముందే వెళ్లి కూర్చునేవాణ్ణి, మధ్యాహ్నం అటూ ఇటూ తిరిగి అడుగుల జాడలు చూసేవాణ్ణి, కెమెరా కార్డులు మార్చేవాణ్ణి. ఆ సీజన్ మొత్తం మీద నాకు కనిపించింది దూరంగా పారిపోతున్న తెల్ల తోకలు రెండు.

పొలం చిన్నదైనప్పుడు నువ్వు అందులో ఎంత తక్కువ అడుగు పెడితే అంత మంచిది. ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఇది ఒక్కటి గుర్తుంచుకో. జింక నీ 14 ఎకరాల్లో కాపురం ఉండదు. అది తిరిగే మేర సుమారు ఒక చదరపు మైలు అనుకో, అంటే 640 ఎకరాలు, అందులో నీది ఒక మూల. దారిన పోతూ నీ పొలంలో వాగు దగ్గర నీళ్లు తాగి, నాలుగు ఓక్ కాయలు తిని వెళ్తుంది. ఆ కాస్సేపట్లో నీ వాసన రెండుసార్లు తగిలిందంటే దారి మార్చేస్తుంది, లేదా రాత్రిపూట మాత్రమే వస్తుంది, కెమెరాలో అర్ధరాత్రి ఫోటోలు చూసుకుంటూ మురిసిపోవడమే నీకు మిగులుతుంది. 500 ఎకరాలున్నవాడు ఒక చోట చెడగొట్టుకుంటే ఇంకో చోటికి వెళ్తాడు. నువ్వెక్కడికి వెళ్తావు?

అందుకే స్టాండ్లు మూడు వద్దు. ఒకటి చాలు, మహా అయితే రెండు, అవి కూడా గాలిని బట్టి. నీ మ్యాప్‌లో వాగు కొండని ఆనుకుని వంపు తిరిగే చోటు ఉంది చూడు, అక్కడ జింకలు తప్పకుండా దాటతాయి, ఎందుకంటే పైన ఏటవాలు, కింద బురద, మధ్యలో అదొక్కటే సులువైన దారి. మొక్కజొన్న మేసి పొద్దున్నే కొండమీద పడుకోవడానికి పోయేటప్పుడు అటే పోతాయి. స్టాండ్ దానికి పడమటి గాలిని లెక్కేసుకుని పెట్టు, మన దగ్గర ఎక్కువ రోజులు గాలి పడమర నుంచో వాయవ్యం నుంచో వీస్తుంది. గాలి నీ ముఖానికి తగలాలి, నీ వెనక నుంచి జింకల వైపు పోకూడదు. ఇంకో సంగతి, కొండ దగ్గర గాలి గడియారంలాగా మారుతుంది: ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి పోతుంది, సాయంత్రం చల్లబడి పల్లంలోకి దిగుతుంది. పొద్దున పనికొచ్చిన చోటు సాయంత్రం పనికిరాకపోవచ్చు. ఒక చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని అప్పుడప్పుడూ కాస్త ఊదుకుంటూ ఉండు, ఎటు పోతోందో తెలిసిపోతుంది. గాలి బాగాలేని రోజు వెళ్లకు. లీవ్ పెట్టాను కదా, గంటన్నర డ్రైవ్ చేశాను కదా అని వెళ్లకు. నేను అలా వెళ్లి పాడు చేసుకున్న రోజులు లెక్కలేనన్ని.

వెళ్లే దారి, వచ్చే దారి కూడా ఆలోచించుకో. రోడ్డు దగ్గర కారు ఆపి పొలం మధ్యలోంచి నడిచి స్టాండ్ ఎక్కితే ఆ రోజుకి వేట అయిపోయినట్టే. నేనైతే వాగులోనే నడిచి వెళ్తాను, రబ్బరు బూట్లు వేసుకుని, నీళ్ల చప్పుడులో నా చప్పుడు కలిసిపోతుంది, నేల మీద వాసన మిగలదు. మేత కోసం ప్రత్యేకంగా ఏమైనా వేయాలా అని అడిగావు. నీకున్న వైట్ ఓక్ చెట్లే నీకు ఆస్తి. రెడ్ ఓక్ కాయలు వగరుగా ఉంటాయి, వైట్ ఓక్ కాయల్లో వగరు తక్కువ, రాలగానే వాటినే ముందు ఏరుకు తింటాయి. కావాలంటే ఆ చెట్ల చుట్టూ ఉన్న పిచ్చి మొక్కలు ఫిబ్రవరిలో కొట్టేయి, ఎండ తగిలి బాగా కాస్తాయి. అంతేగానీ మొక్కజొన్న గింజల బస్తాలు తెచ్చి కుమ్మరించకు, ఇక్కడ అది నేరం. మీ కౌంటీ సి.డబ్ల్యూ.డి. (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) ప్రాంతంలో ఉంది, జింకల మెదడుని తినేసే జబ్బది, పెన్సిల్వేనియాలో 2012లో మొదట బయటపడింది. అక్కడ జింకలకి మేత పెట్టకూడదు, జింక మూత్రంతో చేసే వాసన సీసాలు కూడా వాడకూడదు.

ఇప్పుడు లెక్క. 14 ఎకరాలు చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో వైపు 260 గజాలే. మనుషులుండే ఇంటికి 150 గజాల లోపల, ఆ ఇంటివాళ్ల అనుమతి లేకుండా, తుపాకీతో వేటాడకూడదు. నీకు ఉత్తరాన ఉన్న ఆ తెల్ల ఇల్లు హద్దుకి ఎంత దూరంలో ఉందో కొలిచావా? మ్యాప్ చూస్తే 40 గజాలు కూడా లేదనిపిస్తోంది. అంటే నీ పొలంలో అటువైపు 110 గజాల వరకు రైఫిల్‌తో పని లేదు. విల్లుకీ, క్రాస్‌బోకీ (ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు) మాత్రం ఆ దూరం 50 గజాలే, అందుకే చిన్న పొలం వాడికి క్రాస్‌బో దేవుడిచ్చిన వరం. సీజన్ కూడా అక్టోబర్ నుంచే మొదలవుతుంది, నవంబర్ రెండో వారంలో మగ జింకలు మతి పోయినట్టు ఆడవాటి వెంట తిరుగుతాయి, పట్టపగలు కూడా. రైఫిల్ సీజన్ నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం మొదలవుతుంది. 2018 దాకా అది సోమవారం ఉండేది, ప్రతి ఏడూ మేనేజర్‌కి ఏదో ఒక కథ చెప్పాల్సొచ్చేది.

రైఫిల్ పట్టుకున్నప్పుడు తలకి, ఛాతీకి, వీపుకి కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు కనిపించాలి. అది సర్కారు కోసం కాదు, పక్క పొలంలో స్కోప్‌లోంచి చూసేవాడి కోసం. ట్రీ స్టాండ్ ఎక్కేటప్పుడు నేల మీద ఉండగానే హార్నెస్ (పడకుండా చెట్టుకి కట్టుకునే బెల్టు) తగిలించుకో, పైకెక్కాక కాదు. నా స్నేహితుడొకడు 15 అడుగుల నుంచి పడి ఇప్పటికీ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, దిగేటప్పుడు పడ్డాడు. ఇంకొకటి, నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి నీకు గొడవ లేదు గానీ, మీ ఆఫీసు పిల్లలు వీకెండ్‌కి వస్తారు, ఎచ్‌1బి మీద ఉన్నవాళ్లు, ‘అన్నా ఒక్క ఫోటో’ అంటారు. సాధారణంగా చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లేకుండా వాళ్లు తుపాకీ చేతిలో పట్టుకోవడం కూడా ఫెడరల్ నేరమే. ఫోటో సరదాకి వీసా పోగొట్టుకోవద్దని చెప్పు. తుపాకీ బీరువా తాళం నీ జేబులోనే ఉండాలి.

మీ అమ్మ నాకు ఫోన్ చేసి అరగంట తిట్టింది, ‘జింకల్ని చంపడం నేర్పిస్తావా పిల్లాడికి’ అని. అక్కయ్య బాధ నాకు అర్థమవుతుంది. మన ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కృష్ణజింక మీద చెయ్యి వేస్తే జైలే, వెయ్యకూడదు కూడా, అక్కడ మిగిలినవే కాసిని. ఇక్కడ కథ తిరగబడింది. 1900 నాటికి ఈ రాష్ట్రంలో కూడా జింకలు దాదాపు అయిపోయాయి, 1906 నుంచి వేరే రాష్ట్రాల నుంచి తెప్పించి వదిలారు. తోడేళ్లు లేవు, పులులు లేవు, ఇప్పుడు ఏటా సుమారు 4 లక్షలు వేటాడినా తగ్గట్లేదు. మీ కొండ మీద మోకాలెత్తు ఓక్ మొక్క ఒక్కటైనా ఉందేమో వెతుకు. ఉండదు, మొలిచినవి మొలిచినట్టే మేసేస్తున్నాయి. అందుకే ఆడ జింక పర్మిట్ తీసుకో, కొమ్ముల కోసం ఎదురుచూడకు. ఇదంతా మీ అమ్మకి నేను చెబితే వినలేదు, నువ్వు చెప్పి చూడు.

ఇక నాకు బాగా బుద్ధొచ్చిన సంగతి. 2011 నవంబర్, సాయంత్రం, ఇంకో పావుగంటలో చీకటి పడుతుంది. 25 గజాల్లో ఆడ జింక, అడ్డంగా నిలబడింది. క్రాస్‌బో గురి ముందుకాలు వెనకే పెట్టాను, సరిగ్గా ట్రిగ్గర్ నొక్కే క్షణంలో అది ఒక అడుగు ముందుకేసింది. ‘థప్’ మని మెత్తటి చప్పుడు. అది వీపు గూనిగా వంచి, పరుగెత్తకుండా నడుచుకుంటూ పోయింది. అప్పుడే నాకు తెలియాల్సింది. నేను పది నిమిషాలకే దిగి బాణం వెతికాను, దొరికింది, ఆకుపచ్చగా, జిగటగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే పేడ వాసన. అంటే పొట్టలో తగిలింది. అలా తగిలితే ఎనిమిది గంటలైనా, వీలైతే తెల్లారేదాకా వదిలెయ్యాలి, అది దగ్గర్లోనే పడుకుని అక్కడే ప్రాణం వదులుతుంది. నేను టార్చ్ పట్టుకుని వెంటపడ్డాను. 80 గజాల్లో పడుకున్నది నా చప్పుడుకి లేచి హద్దు దాటి పక్కవాళ్ల అడవిలోకి వెళ్లిపోయింది. హద్దు చెట్ల మీద ఊదా రంగు గీతలు, ఇక్కడ ఇప్పుడు ఆ రంగుంటే లోపలికి రావద్దని చట్టం లెక్క, గాయపడ్డ జింక కోసమైనా సరే అడక్కుండా వెళ్లకూడదు. ఆయన ఫోన్ నంబర్ నా దగ్గర లేదు. ఇంటికి వెళ్లి తలుపు కొడితే ఎవరూ లేరు. మర్నాడు మధ్యాహ్నం ఆయన వచ్చాక ఇద్దరం వెళ్లి చూశాం, కొయోట్లు (ఇక్కడి నక్కల్లాంటి జంతువులు) సగం తినేశాయి. ఆయన ఒక్క మాట అనలేదు, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

కాబట్టి సీజన్ మొదలవకముందే, ఇప్పుడే, నాలుగు వైపులా ఉన్న ఇళ్లకి వెళ్లి పరిచయం చేసుకో. ఖాళీ చేతులతో వెళ్లకు, అత్తయ్య జంతికలు డబ్బాలో పెట్టిస్తుంది. ‘మీ పొలంలో వేటాడతాను’ అనకు. ‘నేను కొట్టింది మీవైపు వస్తే తెచ్చుకోవచ్చా’ అని మాత్రం అడుగు, ఫోన్ నంబర్ తీసుకో. నెత్తురు చూసి చెప్పడం కూడా నేర్చుకో: లేత ఎరుపు, నురగతో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లు, దగ్గర్లోనే ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు ఆగు. అసలు సంగతి అంతదాకా రాకుండా ఉండాలంటే గురి కుదిరితేనే వదులు, అడ్డంగా నిలబడితేనే, నీకు 100 గజాల్లో పేపర్ ప్లేటు మీద పడుతున్నంత మాత్రాన కాదు, చలికి చేతులు వణుకుతున్నప్పుడు పడాలి.

కొట్టాక ముందు లైసెన్స్‌తో ఇచ్చే ట్యాగ్ రాసి చెవికి కట్టు, ఆ తర్వాతే ఫోటోలు. పొట్ట కోసేటప్పుడు రెండు వేళ్ల మధ్య కత్తి మొన పైకి పెట్టుకుని చర్మం మాత్రమే చీల్చు, పేగు తెగితే మాంసం పాడవుతుంది. బయట బాగా చల్లగా లేకపోతే ఐసు బస్తాలు పొట్ట లోపల కుక్కు, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మాంసానికి ప్రమాదం. తల మాత్రం గేమ్ కమిషన్ (రాష్ట్ర వేట, వన్యప్రాణుల శాఖ) వాళ్లు పెట్టే డబ్బాలో వెయ్యి, ఉచితంగా పరీక్ష చేసి చెబుతారు, సి.డబ్ల్యూ.డి. ఉందని వస్తే తినొద్దు. మనుషులకి వచ్చినట్టు ఇప్పటిదాకా తేలలేదు, అయినా మనకెందుకు.

వండడం మీ అత్తయ్య రాసిస్తానంది గానీ నాలుగు మాటలు నేను చెబుతా. జింక కొవ్వు మేక కొవ్వులా ఉండదు, మైనంలా అంగిలికి అంటుకుంటుంది, కాబట్టి తెల్లటిదంతా, ఆ పల్చటి పొరతో సహా, కోసి పారెయ్యి. మెడ, కాళ్ల మాంసం కుక్కర్లో మటన్ కంటే రెండు విజిల్స్ ఎక్కువ, గోంగూరతో అద్భుతం. వెన్ను పక్కన ఉండే రెండు పొడుగాటి కండలు మాత్రం కూర చేసి పాడుచెయ్యకు, మిరియాల పొడి, ఉప్పు, కాస్త నెయ్యి, వేడి పెనం మీద అటూ ఇటూ తిప్పి దించెయ్యడమే. ఎక్కువసేపు ఉంచితే చెప్పు నమిలినట్టుంటుంది. పిల్లలు తింటారు కాబట్టి రైఫిల్‌కి రాగి గుళ్లు కొను, సీసం గుండు లోపల పగిలి కంటికి కనిపించని తునకలవుతుంది. మన ఇద్దరిళ్లకి ఒక జింక సరిపోతుంది, రెండోది దొరికితే ‘హంటర్స్ షేరింగ్ ద హార్వెస్ట్’ వాళ్లకి ఇద్దాం, వాళ్లు ఫుడ్ బ్యాంకులకి చేరుస్తారు.

పిడుదుల (టిక్స్) విషయం మర్చిపోయాను, పెర్మెత్రిన్ బట్టలకి కొట్టి ఆరబెట్టు, ఒంటికి కాదు. ఇంటికొచ్చాక మోకాలి వెనక, చంకల్లో వెతుక్కో, అవి కుడితే వచ్చే లైమ్ జబ్బు ఈ రాష్ట్రంలో చాలా ఎక్కువ.

శనివారం నేనే వస్తాను, స్టాండ్ చెట్టు చూద్దాం. ఆ ఆరు కెమెరాల్లో నాలుగు వెనక్కి పంపెయ్యి, రిటర్న్ తేదీ దాటిపోలేదు కదా? బూట్లు మాత్రం ఇవాళ్టి నుంచే ఇంట్లోకి తేకు, గరాజ్ బయట పెట్టు, పోపు వాసన పట్టేస్తుంది.

మీ మామయ్య