ఆఫీసు మీటింగ్ యాప్‌లో పాచికల ఆట ఆడొచ్చా?

మీరడిగింది ఇదీ: స్నేహితులంతా తలో ఊళ్లో ఉన్నారు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆట (ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై, ఏం జరిగిందో పాచికలు వేసి తేల్చుకునేది) ఆడాలని ఉంది, దానికోసం వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా, ఆఫీసులో వాడే జూమ్, మీట్ లాంటివి సరిపోతాయా అని. సరిపోతాయి. మేం ఐదుగురం ఆడతాం. నేను హనుమకొండలో, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకడు కరీంనగర్‌లో, ఒకామె డాలస్‌లో. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటాం, ఆమెకు అది శనివారం రాత్రి.

మొదట్లో మేమూ మ్యాపులూ బొమ్మలూ అన్నీ ఉండే ప్రత్యేకమైన సైటు ఒకటి పట్టుకున్నాం. కరీంనగర్ వాడి పాత లాప్‌టాప్ దాన్ని మోయలేకపోయింది, రెండు ఆదివారాలు "నీకు మ్యాప్ కనిపిస్తుందా" అని అడుక్కోవడంతోనే పోయాయి. 1974లో ఈ ఆట వచ్చినప్పుడు కాగితం, పెన్సిలు, పాచికలు తప్ప ఏమున్నాయి అనుకుని వీడియో కాల్‌కు వచ్చేశాం.

కాకపోతే ఈ యాప్‌లు ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు మ్యూట్‌లో కూర్చునే మీటింగుల కోసం చేసినవి, మనదేమో అందరూ ఒకేసారి అరిచే ఆట. తిప్పలన్నీ అక్కడే. నేను ఇరవై ముఖాల పాచికను స్టీలు పళ్లెంలో వేస్తే నా చెవికి ఖంగుమంటుంది, అవతలివాళ్లకు ఏమీ వినిపించదు, ఎందుకంటే ఫ్యాను చప్పుడును తీసేసినట్టే యాప్ దాన్నీ తీసేస్తుంది. వరుసగా రెండుసార్లు ఇరవై పడిందని చెప్పేసరికి "నిజంగా వేస్తున్నవా, ఊకే చెప్తున్నవా అన్నా" అని అనుమానం మొదలైంది. జూమ్‌లో అయితే ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి నాయిస్ సప్రెషన్ తగ్గించండి, లేదా ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయండి. పాచిక చప్పుడు వచ్చింది, దాంతోపాటే మా గల్లీ కూరగాయల బండాయన కేక కూడా వచ్చింది. ఆయన్ను కథలో కోట బయటి అంగట్లో కూర్చోబెట్టేశాం.

మా కథ కాకతీయుల నాటి ఓరుగల్లులో నడుస్తుంది. బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ కందకం, ఇంతకన్నా మంచి మ్యాప్ ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి. పాత క్యాలెండర్ వెనక స్కెచ్‌పెన్‌తో గీస్తాను, మనవాళ్లు గవ్వలు, శత్రువులు చింతగింజలు. రెండు బియ్యం డబ్బాల మీద స్కేలు అడ్డంగా పెట్టి, దానికి పాత ఫోన్‌ను కిందికి చూసేలా రబ్బరుబ్యాండ్లతో కట్టి, ఆ ఫోన్‌ను కూడా మీటింగ్‌లో ఒక మనిషిలా చేర్చేస్తాను. అందరూ దాన్ని పిన్ చేసుకుంటారు, అంటే తెర మీద పెద్దగా కనిపించేలా పెట్టుకుంటారు. ఫోన్‌లో ఆడియో మాత్రం అసలు కలపకండి, లాప్‌టాప్‌తో కలిసి గుయ్యిమని చెవులు పగలగొడుతుంది.

ఎవరి వంతు, ఎవరికెంత ప్రాణం మిగిలింది అన్నది కాల్‌లో కనిపించే పేరు మార్చుకోవడంతో తేలిపోయింది. "2 మల్లన్న 14" అంటే రెండో వంతు, పద్నాలుగు పాయింట్లు. దెబ్బ తగిలితే వాడే మార్చుకుంటాడు. ఎవరికైనా కరెంటు పోయి కాల్ తెగిపోతే వాడి పాత్ర సోయి తప్పి పడిపోయినట్టు, మిగతావాళ్లు మోసుకుపోవాలి. రహస్యాలు మాత్రం వాట్సాప్‌లో పంపుకోండి. మా దొంగ పాత్రధారి మీటింగ్ చాట్‌లో "సంచి నేనే కొట్టేశా" అని నాకొక్కడికే పంపబోయి అందరికీ పంపాడు. కొందరిని విడిగా వేరే కాల్‌లోకి పంపే బ్రేకౌట్ రూములు రెండుసార్లు వాడి మానేశాం, పక్కోడు ఎట్లా చిక్కుకున్నాడో వినడంలోనే సగం మజా ఉంది.

ఇంకోటి, ఆఫీసు అకౌంట్‌తో పెట్టొద్దు. తీరిక లేక ఒకసారి నేను దాంతోనే ఇన్వైట్ పంపాను, సోమవారం పొద్దున మా మేనేజర్ నా క్యాలెండర్ తెరిచి "రాతికోటలోకి చొరబాటు, ఇద్దరు చావచ్చు" అంటే ఏంటని అడిగాడు. ఇంట్లో మా అమ్మ అయితే చాయ్ పెట్టి పోతూ "గదేం మీటింగ్ రా, గుర్రాలంటవ్, కందకమంటవ్" అంటుంది, ఆమెకు ఇప్పటికీ సరిగా చెప్పలేదు.

సొంత ఉచిత అకౌంట్‌లో జూమ్ 40 నిమిషాలకు కట్ అవుతుంది, మీట్‌లో ముగ్గురు, ఆపైన ఉంటే గంట. మొదట చిరాకు పడ్డాం గానీ, ఇప్పుడు సీన్ అక్కడికి వచ్చి ఆగేలా నేనే నడిపిస్తాను, ఆ గ్యాపులో అందరూ చాయ్ తెచ్చుకుంటారు. మొన్న రాతికోట తలుపు మీద చెయ్యి పెట్టారో లేదో కట్ అయింది. పది నిమిషాలకు మళ్లీ కలిసేసరికి డాలస్ ఆమె రాలేదు, నిద్రపోయిందట. ఆమె గవ్వ ఇంకా ఆ తలుపు దగ్గరే ఉంది.